కాకి నీలం

కాకి నల్లగా ఉంటుందని ఎవరైనా అంటే షేడు మేస్త్రికి ఒళ్ళు మండేది. "ఏ కాకి? ఎప్పుడు చూశావు? ఎండలో చూశావా, నీడలో చూశావా?" అని ఎదురు ప్రశ్నలు వేసేవాడు. ఆ మనిషిని రెక్క పట్టుకుని షెడ్డు వెనక పెరట్లోకి లాక్కెళ్ళి, గోడ మీద వాలిన కాకిని చూపించేదాకా వదిలేవాడు కాదు. మెడ చుట్టూ బూడిద రంగు. అదీ పైన లేతగా మొదలై కిందికి వచ్చేకొద్దీ పొగ రంగులోకి దిగుతుంది. వీపు మీద ఊదా. రెక్క మడతలో నీలం, కాకి కాస్త పక్కకు తిరిగితే ఆ నీలంలోంచి పచ్చ. "ఇన్ని రంగులు మోసుకు తిరుగుతుంటే నలుపు అని ఒక్క ముక్కలో తేల్చిపారేస్తావా?" అని కసిరేవాడు. కారుకు సొట్ట తీయించుకుందామని వచ్చినవాళ్ళు, కాకి గురించి తామెందుకు చీవాట్లు తింటున్నారో అర్థంకాక బిక్కమొహం వేసేవాళ్ళు.

ఆ షెడ్డులో దెబ్బతిన్న కార్లను సరిచేసి రంగు వేస్తారు. మేస్త్రి పని రంగు కలపడం, షెడ్డువాళ్ళ మాటలో షేడు పట్టడం. ఇదేం పెద్ద పనా అనుకుంటారు చాలామంది. కారుకో నంబరుంటుంది, ఆ నంబరు రంగు కొని కొడితే సరిపోదా అంటారు. సరిపోదు. పదేళ్ళు ఎండకు నిలబడ్డ ఎర్ర కారు కొన్ననాటి ఎరుపులో ఉండదు. కొత్త తలుపుకి కొత్త ఎరుపు వేస్తే ఆ తలుపొక్కటే పెళ్ళికొచ్చినట్టుంటుంది. ఆ కారు ఎంత వెలిసిందో, ఎటు వెలిసిందో కంటితో పట్టుకుని, అంతే వెలిసిన రంగును డబ్బాలో పుట్టించాలి. ఈ విద్యలో మేస్త్రిని కొట్టేవాడు లేడని చుట్టుపక్కల షెడ్లవాళ్ళు కూడా, ఇష్టం లేకపోయినా, ఒప్పుకునేవాళ్ళు. "తలుపు మార్చిన సంగతి కారు సొంతదారే మరిచిపోవాలి" అనేది ఆయన గొప్ప. నిజంగానే మరిచిపోయేవాళ్ళు.

ఆయన పద్ధతి ఒకటుంది. ఒకే రంగును పావుగంట చూస్తే కన్ను దానికి అలవాటు పడి, ఆ తరవాత ఏం చూపించినా సరేనంటుంది. అందుకని కలపడం మధ్యలో పుల్ల కింద పెట్టి, "కళ్ళు కడుక్కుని వస్తా" అని లేచేవాడు. కడుక్కోవడమంటే నీళ్ళతో కాదు. రంగులగది వెనక తలుపు తీస్తే పెరడు. ఆ పెరట్లోకి వెళ్ళడానికి అదొక్కటే దారి. అక్కడ నిలబడి ఏ పిట్ట ఉంటే ఆ పిట్టను చూసేవాడు. తెలుపు కలిపే రోజు పిచ్చుక చెంప. బూడిద కలిపే రోజు మగపిచ్చుక నెత్తి. దాని నెత్తి గోధుమ రంగని లోకమంతా అనుకుంటుంది. కాదు, నెత్తి బూడిద, గోధుమ రంగు కంటి వెనక నుంచి మొదలవుతుంది. ఆడపిచ్చుకను మట్టి రంగని ఎవరూ లెక్కచెయ్యరు గానీ, దాని కంటి పైన మీగడ రంగులో సన్నటి గీత ఒకటి ఉంటుంది. పావురం మెడలో పచ్చ పైన, ఊదా కింద. గోరింక ముక్కు ఒక పసుపు, కంటి పక్క ఇంకో పసుపు, కాలు మూడో పసుపు. ఇవన్నీ ఆయన పుస్తకాల్లో చదవలేదు. నలభై ఏళ్ళు చూశాడు, అంతే.

గది గోడ మీద సుద్దముక్కతో రాసుకున్న కొలతలకు కూడా ఆ పేర్లే. పావురం మెడ, పిచ్చుక నెత్తి, గోరింక కాలు. ముదురు నీలం కార్లకు వాడే రంగు పేరు కాకి నీలం. దాన్ని కలపడమే అన్నిటికన్నా కష్టమనేవాడు. నలుపుకు వెంట్రుకవాసి దూరంలో ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే నల్లకారు, ఒక్క చుక్క తక్కువైతే స్కూలు యూనిఫారం.

ఆయన పక్కన రోజూ టీ గ్లాసు పట్టుకుని నిలబడేది సుత్తి. సుత్తి ఆయన భార్య తమ్ముడు. సొట్టలు తీసే పని. పేరు పనిని బట్టి వచ్చింది గానీ, మాటల్లో సుత్తి కొట్టడం అతనికి బొత్తిగా చేతకాదు. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో ఆరు "అలాగే బావా". ముప్ఫై ఏళ్ళుగా ఇద్దరూ పొద్దున్నే పెరట్లో టీ తాగేవాళ్ళు. బావ పిట్టల రంగుల గురించి చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు, బావమరిది గ్లాసులోకి చూస్తూ వినేవాడు.

"నీకు చెప్పడం, ఆ గోడకి చెప్పడం ఒకటేరా" అని మేస్త్రి విసుక్కునేవాడు. "ఇనప రేకుకీ నీ కంటికీ తేడా లేదు. వంకర కనిపిస్తుంది, రంగు కనిపించదు."

"అలాగే బావా" అనేవాడు సుత్తి.

రెండేళ్ళ కిందట పావురాలు రంగు తగ్గడం మొదలుపెట్టాయి.

మొదట మెడ కింది ఊదా పోయింది. మేస్త్రి పట్టించుకోలేదు, ఈకలు రాల్చే కాలమేమో అనుకున్నాడు. కొత్త ఈకలొచ్చాయి, ఊదా రాలేదు. తరవాత పిచ్చుక చెంపలు మాసిపోయాయి. గోరింక మూడు పసుపులూ కలిసి ఒకటైపోయాయి. ఆ తరవాత కాకి. ఒకరోజు పొద్దున కాకి గోడ మీద వాలి, మెడ తిప్పి, రెక్క సర్దుకుని, ఎండలో చాలాసేపు కూర్చుంది. మేస్త్రి కళ్ళు చిట్లించి అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. నలుపు. ఉత్త నలుపు.

"చూశావుట్రా? ఈ ఊరి పొగకి కాకి కూడా వెలిసిపోయింది" అన్నాడు.

సుత్తి గ్లాసులోకి చూశాడు.

తన కంటినే అనుమానించాలని ఆయనకు తట్టలేదా అంటే, తట్టింది. కానీ దానికి ఆయన దగ్గర తిరుగులేని జవాబుంది. కన్ను చెడితే మొదట చెడాల్సింది షేడు. షేడు ఎక్కడ తప్పింది? ఈ రెండేళ్ళలో ఒక్క కారు వెనక్కి రాలేదు. తన కన్ను బాగానే ఉంది కాబట్టి పిట్టలే బాగాలేవు. ఇంత సూటిగా ఆలోచించి ఇంత అడ్డంగా తప్పిపోవడం తెలివైనవాళ్ళకే సాధ్యం.

ఇంట్లో మాత్రం ఒక చిన్న గొడవ జరిగింది. ఇంటి గేటుకి తనే రంగు కలిపి వేశాడు. పావురం వీపు రంగు, మెత్తటి బూడిద. ఆరాక భార్య బయటికొచ్చి చూసి, "గేటుకి నీలం వేశారేంటండీ?" అంది.

"నీలమా? బూడిద కదే. నీ కళ్ళకేమైంది?"

"ఏమీ కాలేదు. ఆకాశంలా ఉంది."

"ఆకాశం, భూమి తరవాత. వంట సంగతి చూడు" అన్నాడు మేస్త్రి. నలభై ఏళ్ళ రంగుల మేస్త్రికి రంగు గురించి చెప్పడమేమిటని ఆవిడ కూడా ఊరుకుంది. వీధివాళ్ళు ఆ ఇంటికి నీలం గేటు ఇల్లని దారి చెబుతుంటే, జనానికి బొత్తిగా రంగులు తెలియకుండా పోతున్నాయని ఆయన బాధపడేవాడు.

షెడ్డు యజమాని ఒకమ్మాయి. తండ్రి పోయాక నడుపుతోంది. తండ్రి దీన్ని కొనకముందు ఆయనా మేస్త్రీ ఇక్కడే ఒకే రోజు పనిలో చేరిన స్నేహితులు, అందుకని మేస్త్రిని బాబాయ్ అంటుంది. ఆ అమ్మాయి ఒకరోజు కాగితం మీద రంగు కొలిచే కెమెరా బొమ్మ చూపించింది. "కారు మీద ఆనిస్తే ఏ రంగు ఎంత పోయాలో అదే చెబుతుందట బాబాయ్. నీకూ కాస్త శ్రమ తగ్గుతుంది."

ఆయనకు తల కొట్టేసినట్టయింది. పనివాళ్ళందరూ చూస్తున్నారు. "చూడు తల్లీ, నా షేడు ఒక్కటంటే ఒక్కటి తప్పనీ. ఆ రోజే ఆ డబ్బా తెచ్చి నా కుర్చీలో కూర్చోబెట్టు. ఆ తరవాత నేను ఈ రంగులగది గడప తొక్కితే నన్నడుగు" అన్నాడు.

అమ్మాయి నొచ్చుకుని బొమ్మ దాచేసింది. సుత్తి అప్పుడు ఓ కారు కింద పడుకుని ఉన్నాడు. ఆ మాట విన్నాడు.

కాకుల సంగతి తేల్చుకోవాలని మేస్త్రి పెరట్లో రాలిన రెక్క ఈక ఒకటి కాగితంలో చుట్టి పశువుల ఆసుపత్రికి పట్టుకెళ్ళాడు. ఒక పక్క కుంటి కుక్క, ఇంకో పక్క దగ్గుతున్న మేక, మధ్యలో ఈక పట్టుకుని ఈయన. వంతు వచ్చాక డాక్టరమ్మ, "ఏదీ పశువు?" అని అడిగింది. ఆయన ఈక బల్ల మీద పెట్టి, ఊరి పిట్టలన్నిటికీ వచ్చిన జబ్బు గురించి వివరంగా చెప్పాడు. ఆవిడ మంచిది. నవ్వలేదు. ఈకను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పింది.

"నీలం బాగానే ఉందండీ. చివర ఊదా కూడా ఉంది. రాయిలాంటి కాకి" అంది. తరవాత కాస్త మెల్లగా, "మీరోసారి కళ్ళ డాక్టరుకి చూపించుకోకూడదూ?" అంది.

మేకలకు మందిచ్చేవాళ్ళు మనుషుల కళ్ళ గురించి మాట్లాడటమేమిటని దారంతా గొణుక్కుంటూ వచ్చాడు. కానీ లోపల ఎక్కడో ముల్లు దిగింది. నేరుగా సుత్తి దగ్గరికెళ్ళి ఈక అతని మొహం మీద పెట్టాడు. "నిజం చెప్పు. దీన్లో నీలం ఉందా, లేదా?"

సుత్తి చేతిలో పనిముట్టు కింద పెట్టాడు. ఈక తీసుకుని వెలుగులోకి తిప్పాడు. చాలాసేపు నీళ్ళు నమిలాడు.

"లేదు బావా" అన్నాడు.

మేస్త్రి గుండె కుదుటపడింది. "నీ కంటికే లేదంటే ఇంక లేనట్టే" అని ఈక పారేసి పనిలో పడ్డాడు.

ఆ తరవాత మూణ్ణెల్లకు సుత్తికి జ్వరం తగిలి వారం రోజులు మంచం దిగలేదు. సరిగ్గా ఆ వారంలోనే ఒక లెక్కల టీచరమ్మ ముదురు నీలం కారు తీసుకొచ్చింది. పాత కారు. వాళ్ళ నాన్న నడిపిన కారు, ఆయన పోయాక ఆవిడ నడుపుతోంది. ఎవడో పక్కనుంచి గుద్ది తలుపు నొక్కేశాడు. "కొత్తగా మెరవక్కర్లేదు. ఎప్పటిలా ఉంటే చాలు" అని మేస్త్రి చేతులు పట్టుకున్నంత పనిచేసింది.

"మీ తలుపు మీరే గుర్తుపట్టలేరు, వెళ్ళి రండమ్మా" అన్నాడాయన.

సొట్ట తీయడానికి సుత్తి లేడని వేరే తలుపు బిగించారు. రంగు పని మేస్త్రి ప్రాణం పెట్టి చేశాడు. మూడుసార్లు కళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకెళ్ళాడు. కాకి నీలం కలిపి, అలవాటు ప్రకారం డబ్బా మూత మీద పుల్లతో ఒక చుక్క పెట్టి, ఆరాక కారు పక్కన ఆనించి చూసి, తృప్తిపడి భోజనానికెళ్ళాడు. మధ్యాహ్నం గన్నుతో రంగు కొట్టారు. మర్నాడు టీచరమ్మ వచ్చింది. కారును షెడ్డులోంచి ఎండలోకి తోశారు.

ఆవిడ తలుపును చూసింది. చేయి పెట్టి తడిమింది. "ఇది నలుపు కదండీ?" అంది.

"నీలమమ్మా. ముదురు నీలం."

ఆవిడ పనివాళ్ళ వైపు చూసింది. పాలిష్ పట్టేవాడు నేల చూశాడు. గన్ను కొట్టేవాడు తన బూట్లు చూసుకున్నాడు. యజమాని అమ్మాయి గదిలోంచి వచ్చి, తలుపు చూసి, పెదవి కొరుక్కుంది. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ షెడ్డులో మేస్త్రికి ఎదురు చెప్పాల్సిన అవసరం వచ్చింది, ఎవరికీ నోరు రాలేదు. ఆ మౌనం ఆయనకు తిట్టుకన్నా బాగా వినిపించింది.

"నలుపే బాబాయ్" అంది అమ్మాయి చివరికి, ఏడుపు గొంతుతో.

మేస్త్రి రంగులగదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడ్డాడు. గోడకు మేకుల మీద పాత మూతలు వేలాడుతున్నాయి. ఏ కారుకి ఏ రంగు కలిపాడో గుర్తుకోసం ఏళ్ళ తరబడి దాచుకున్నవి. ఆయన వాటినే చూస్తూ కూర్చున్నాడు. పాత మూతల మీద ఒక్కొక్క చుక్క. ఇటీవలి మూతల మీద తన లావుపాటి చుక్క పక్కన ఇంకో సన్న చుక్క ఉంది. అదెప్పుడూ పుల్లలోంచి జారిన చినుకనే అనుకున్నాడు. ఇప్పుడు లెక్కపెడితే ఏడాదిన్నరగా ప్రతి మూత మీదా ఆ చినుకుంది. అదీ ఎప్పుడూ కుడి పక్కనే. చినుకులకు అంత క్రమశిక్షణ ఉండదు. ఈ వారం మూత మీద మాత్రం లేదు.

ఓ పది మూతలు సంచిలో వేసుకుని ఇంటికెళ్ళి, వంటగది కిటికీ దగ్గర భార్య ముందు పరిచాడు. "ఈ రెండు చుక్కలూ ఒకటేనా చెప్పు."

ఆయన కంటికి ఒకటే.

"ఒకటెలా అవుతాయండీ?" అందావిడ. "ఇది నలుపు, ఇది నీలం. ఇందులో ఇది మీగడ, ఇది తెలుపు. ఇదేమో..." మొగుడి మొహం చూసి ఆగిపోయింది. ఆయన మూతలన్నీ మళ్ళీ సంచిలో వేసుకున్నాడు.

సుత్తి దుప్పటి కప్పుకుని మంచం మీద కూర్చుని గంజి తాగుతున్నాడు. బావ సంచిని మంచం మీద బోర్లించగానే, అడగకముందే అతనికి అర్థమైంది.

"ఈ సన్న చుక్కలు ఎవరివిరా?"

"నావే బావా."

"ఎప్పట్నించి?"

"పోయినేడు తెల్లకారు బానెట్టు వచ్చింది చూడు, అప్పట్నించి. నువ్వు కలిపింది మీగడలా ఉంది. నువ్వు అన్నానికెళ్ళావు. నేను కాస్త సరిచేశాను."

"సరిచేశావా! సొట్టలు తీసుకునేవాడివి, నీకు రంగెవడు నేర్పాడ్రా?"

సుత్తి ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వే కదా బావా. ముప్ఫై ఏళ్ళు పొద్దున్నే చెవికోసిన మేకలా అరిచావు కదా. పిచ్చుక నెత్తి ఇదీ, కాకి రెక్క ఇదీ అని. వినకేం చేస్తాను, టీ అయ్యేదాకా కదలనివ్వవు."

మేస్త్రికి నవ్వాలో కొట్టాలో తెలియలేదు. "మరి ఆవేళ ఈక చూపిస్తే నీలం లేదన్నావేం? అబద్ధం చెప్పావు కదరా!"

"చెప్పాను."

"ఎందుకు?"

సుత్తి గంజి గ్లాసు కింద పెట్టాడు. అతను జీవితంలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. "ఉందంటే నీ కన్ను పోయిందని నీకు తెలుస్తుంది. తెలిస్తే నువ్వు ఊరుకునే మనిషివా? అందరి ముందూ శపథం చేసి కూర్చున్నావు, గడప తొక్కనని. నువ్వు రాకపోతే నేను పొద్దున్నే ఎవరితో టీ తాగాలి బావా?"

మేస్త్రి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. దాచుకోవడానికి ఏం మిగిలిందని? సుత్తి కాళ్ళ దగ్గర మంచం అంచున కూర్చుని, మిగిలిన గంజి గ్లాసు తీసి బావమరిది చేతికిచ్చి, "తాగు, చల్లారిపోతుంది" అన్నాడు.

మర్నాడు షెడ్డులో అందరూ వచ్చాక, పని మొదలుపెట్టకముందే, మేస్త్రి మధ్యలో నిలబడి చెప్పాడు. "తప్పింది నా కన్ను. ఏడాదిన్నరగా తప్పుతోంది. మీరు చూసిన మంచి షేడ్లన్నీ సుత్తిగాడివి. తలుపు నలుపు చేసింది మాత్రం అచ్చంగా నేనే. అమ్మాయీ, ఆ కెమెరా డబ్బా తెప్పించు." అమ్మాయి ఏదో అనబోతే చేయి ఎత్తి ఆపాడు. మాటంటే మాట. రంగులగది తాళంచెవి తీసుకెళ్ళి, ఇంకా జ్వరంతో ఉన్న సుత్తి మంచం మీద పెట్టి ఇంటికెళ్ళిపోయాడు.

కళ్ళ డాక్టరు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. శుక్లాలు. రెండు కళ్ళలోనూ ముదిరి పసుపెక్కాయి. "ఇన్నాళ్ళూ మీరు లోకాన్ని పసుపు అద్దంలోంచి చూస్తున్నారు. నీలం ఆ అద్దం దాటి రాదు" అన్నాడు. ముందు కుడికన్ను కోశారు, నెల తరవాత ఎడమది. మొదటి కట్టు విప్పిన రోజు ఆయన ఆసుపత్రి గోడను చూసి, అది తెల్లగా ఉండటం చూసి, దగ్గరికెళ్ళి చేత్తో తడిమాడు. ఇంటి ముందు ఆటో దిగి గేటును చూసి మాత్రం కెవ్వుమన్నాడు. "ఇదేమిటే, ఇంత నీలం!"

"మీ ఇష్టం కదా అని ఊరుకున్నాను" అందావిడ.

కళ్ళొచ్చాయి. మనిషి మాత్రం షెడ్డుకు వెళ్ళలేదు. అమ్మాయి రెండుసార్లు వచ్చి బతిమాలింది. మిగతా పనివాళ్ళు వచ్చారు. కెమెరా వచ్చిందట, బాగానే కొలుస్తుందట, అయినా వెలిసిన కార్ల దగ్గర తికమకపడుతుందట. "అయితే వాడున్నాడుగా" అనేవాడు మేస్త్రి. కాకి గేటు మీద వాలేది. దాని రెక్కలో నీలం ఇప్పుడు కళ్ళు జిగేల్మనేలా కనబడేది. ఆ నీలాన్ని చూసినప్పుడల్లా ఆయనకు సంతోషం వేసేది, వెంటనే ఎక్కడికీ వెళ్ళక్కర్లేదని గుర్తొచ్చేది. భార్యకు అది చూడటమే కష్టంగా ఉండేది.

ఒకరోజు పొద్దున సుత్తి వచ్చాడు. మెట్ల మీద కూర్చున్నాడు. షెడ్డుకు రమ్మనలేదు. టీ తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక, గ్లాసులోకే చూస్తూ, "పిచ్చుక ముక్కు నల్లబడింది బావా" అన్నాడు.

"ఏ పిచ్చుక?"

"మగది. పెరట్లోది. మొన్నటిదాకా కొమ్ము రంగులో ఉండేది. ఇప్పుడు గూడు కడుతోంది, ముక్కు నల్లబడింది. పోయినేడు కూడా అంతే. గూళ్ళు అయిపోయాక మళ్ళీ కొమ్ము రంగుకి వచ్చేసింది."

మేస్త్రి నిటారుగా కూర్చున్నాడు. నలభై ఏళ్ళు పిచ్చుక నెత్తి చూశాడు, చెంప చూశాడు, భుజం మీది తెల్ల గీత చూశాడు. ముక్కు రంగు మారుతుందని ఒక్కనాడూ అనుకోలేదు. "నోర్ముయ్. పిచ్చుక ముక్కు రంగు మారడమేమిటి? నువ్వు రెండు వేరే పిచ్చుకల్ని చూసుంటావు."

"ఏమో బావా" అని సుత్తి లేచాడు.

"ఏమో ఏమిటి? ఆగు. చూపించు."

ఆయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేదు. దారిపొడుగునా వాదిస్తూనే ఉన్నాడు. షెడ్డు, కార్లు, నిలబడిపోయి చూస్తున్న పనివాళ్ళు, ఏదీ పట్టలేదు. రంగులగది దాటి వెనక తలుపు తోసుకుని పెరట్లోకి వెళ్ళి, గోడ బొరియలో గడ్డిపరక దూరుస్తున్న మగపిచ్చుకను చూశాడు. దాని ముక్కు నిగనిగలాడే నలుపు. పక్క రేకు మీద ఇంకా గూడు కట్టే ఈడు రాని కుర్రపిచ్చుక కూర్చుని ఉంది, దానిది లేత కొమ్ము రంగు.

"నిజమేరా" అన్నాడు, గొంతు తగ్గించి. "నిజమే. నేనెప్పుడూ చూడలేదు."

అప్పుడు తెలిసింది ఎక్కడ నిలబడ్డాడో. వెనక్కి తిరిగి గదినీ, గడపనీ చూశాడు. "దొంగవెధవా! నన్ను గడప తొక్కించావు కదరా!"

"నేనేమన్నాను బావా? పిచ్చుక ముక్కు నల్లబడిందన్నాను."

గదిలో బల్ల మీద ఒక డబ్బా సిద్ధంగా ఉంది. పక్కన మూత, మూత మీద ఆరిన సన్న చుక్క ఒకటి. టీచరమ్మ కారు ఇంకా షెడ్డులోనే ఉందని అప్పుడు చెప్పాడు సుత్తి. ఆవిడ ఇంకెక్కడికీ తీసుకెళ్ళలేదు. మేస్త్రి కళ్ళు బాగయ్యేదాకా బస్సులో తిరుగుతానందట. సుత్తి కెమెరా చెప్పినట్టు ఒకటి, తన కంటికి తోచినట్టు ఒకటి కలిపాడు. రెండోది ఇది. "నువ్వు కూడా కలిపి చూడు" అన్నాడు.

మేస్త్రి కెమెరాను కుర్చీలోంచి తీసి అరలో పెట్టాడు. కూర్చున్నాడు. ఇంకో డబ్బా తీసుకుని మొదట్నుంచి కలపడం మొదలుపెట్టాడు. నలుపు, నీలం, ఊదా, గోరంత తెలుపు. మధ్యలో లేచి కళ్ళు కడుక్కుని వచ్చాడు. గంటన్నర పట్టింది. చివరికి పుల్ల ఎత్తి, సుత్తి చుక్క పక్కన తన లావుపాటి చుక్క పెట్టాడు. అది ఆరేదాకా ఆగాడు. తరవాత మూత పట్టుకుని ఎండలోకి వెళ్ళి, కారు బానెట్టుకు ఆనించాడు.

రెండు చుక్కలూ ఒకేలా ఉన్నాయి.

ఆయన మొహంలో సంతోషం రాలేదు. మూతను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఒక కన్ను మూసి చూశాడు, రెండోది మూసి చూశాడు. ఇన్నాళ్ళూ కూడా ఆయనకు రెండు చుక్కలూ ఒకేలా కనిపించాయి మరి.

"ఏరా" అన్నాడు మెల్లగా. "నిజంగానే ఒకేలా ఉన్నాయా? నా కళ్ళకే అలా ఉన్నాయా?"

సుత్తి మూత అందుకుని చూశాడు. "ఒకేలా ఉన్నాయి బావా."

"అబద్ధం కాదు కదా?"

"కాదు."

మేస్త్రి ఇంకోసారి అడగలేదు. మూత మేకుకు తగిలించి, గన్నులో రంగు పొయ్యమన్నాడు.